పెళ్ళికొడుకు కారుకి జ్వరం

కారు కొన్నాక మా నాన్నకి చెవులు పెరిగాయని అమ్మ ఎగతాళి చేసేది. ఏ చిన్న చప్పుడైనా చాలు, బానెట్ ఎత్తి, తల పక్కకి వంచి వింటూ నిలబడేవారు. అది పాత కారు కాబట్టి చప్పుళ్ళకి లోటు లేదు. నేను డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నా, పక్క సీట్లో ఆయన లేకుండా గేటు దాటనిచ్చేవారు కాదు.

"తోలడం ఎవరైనా తోలతారమ్మా. ఆగిపోతే ఎందుకాగిందో కనిపెట్టిన రోజున ఒక్కదానివే వెళ్దువుగాని" అనేవారు.

నాకు రాజమండ్రిలో ఉద్యోగం. రోజూ నేను బస్సులో నలిగిపోతుంటే కారు షెడ్డులో హాయిగా నిద్రపోయేది. ఒళ్ళు మండిపోయేది నాకు.

పంతం పట్టి నేర్చుకున్నాను. తాళం తిప్పితే టక్కుమని ఊరుకుందా, ముందు హారన్ కొట్టాలి. అదీ నీరసంగా మూలిగితే బ్యాటరీ దిగిపోయినట్టు. హారన్ గట్టిగా మోగితే, బ్యాటరీకి తీగ బిగించే టెర్మినల్ వదులైందేమో, బూజు పట్టిందేమో చూడాలి. ఇంజను తిరుగుతూ కూడా అందుకోకపోతే పెట్రోలన్నా రావట్లేదు, ప్లగ్గులో నిప్పురవ్వన్నా పడట్లేదు. నాన్న అడిగినప్పుడల్లా ఇవన్నీ అప్పజెప్పేదాన్ని. ఆయన తల ఊపి, తాళంచెవి జేబులో వేసుకునేవారు.

ఇంతలో మా మేనత్త కూతురి పెళ్ళి వచ్చింది. పగటి ముహూర్తం. రామచంద్రపురంలోని విడిది నుంచి పక్కనే ఉన్న మా ఊరికి పెళ్ళికొడుకుని తీసుకొచ్చే గౌరవం మా కారుకి దక్కింది. అత్త కడియం నుంచి బుట్టలకొద్దీ బంతిపూలు తెప్పించి, "ఇనుపముక్క కనపడకూడదు" అంటూ కారు ముఖమంతా దట్టంగా కప్పించేసింది. నాన్న తోలుతున్నారు, పక్కన నేను, వెనక పెళ్ళికొడుకూ అత్తా. ముందు సన్నాయి మేళం నడుస్తుంటే, వెనక ఫస్టు గేరులో మేము.

కాలవగట్టు ఎక్కేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. నాన్న కారు ఆపేశారు.

"ముహూర్తం దగ్గరపడుతోంది అన్నయ్యా!" అంది అత్త. మేళంలో ఒకాయన స్కూటరు తెప్పిద్దామన్నాడు. "స్కూటరు మీద పెళ్ళికొడుకా!" అని అత్త అరిచిన అరుపుకి డోలు కూడా ఆగిపోయింది.

నాన్న బానెట్ ఎత్తి, "నీళ్ళు తిప్పే పంపు పోయినట్టుంది" అన్నారు. ఆయన ముఖం అంత చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు. నేను చేతికి గుడ్డ చుట్టుకుని, ఇంజను నీళ్ళని చల్లబరిచే రేడియేటర్ పైగొట్టం ముట్టుకున్నాను, కాలింది. కింది గొట్టమూ దాదాపు అంతే కాలింది. పంపు పోతే నీళ్ళు కదలవు, కిందిది అంత కాలదు. ఫ్యాను బెల్టు బిగువుగానే ఉంది. మరి నీళ్ళెందుకు చల్లబడట్లేదు? ముందుకెళ్ళి చూశాను. గాలి దూరడానికి సూదిమొనంత సందు లేదు.

"నాన్నా, పంపు బాగానే ఉంది. ఈ పూలు తీసెయ్యాలి."

"పెళ్ళికారుకి పూలు పీకుతావటే? అపశకునం!" అంది అత్త.

పెళ్ళికొడుకు పట్టుపంచె ఎగ్గట్టి కిందికి దిగాడు. "నేను పీకితే తప్పులేదు కదండీ అత్తయ్యగారూ" అంటూ మొదటి దండ తనే లాగేశాడు. మిగతావి నేనూ నాన్నా తీసేశాం. ఇంజను చల్లారనిచ్చి, కాలవ నీళ్ళు పోసి, మళ్ళీ స్టార్ట్ చేశాం. ముల్లు బుద్ధిగా మధ్యలో నిలబడింది.

నాన్న కిందికి దిగి, డ్రైవరు సీటు వైపు నాకు తలుపు తెరిచి పట్టుకున్నారు.

"ఆపకుండా పోనీ అమ్మా, గాలి తగలాలి. నేను మేళంవాళ్ళతో నడిచొస్తాను" అన్నారు.

నేను ఒక్క గెంతులో ఎక్కి స్టీరింగు పట్టుకున్నాను. రెండో గేరులో పడ్డామో లేదో, వెనక సన్నాయి మళ్ళీ మొదలైంది.

"పెళ్ళికొడుకు మనతో ఉంటే వాళ్ళెవరికి వాయిస్తున్నారే?" అంది అత్త.

అద్దంలో చూశాను. కాలవగట్టు మీద, చేతినిండా బంతిదండలతో, ఇంకా గట్టిగా వాయించమని మా నాన్న వాళ్ళని తొందరపెడుతున్నారు.