కామమ్మక్క అప్పగింతల పాట

మా తోటపల్లి గూడూరు చుట్టుపక్కల కామమ్మక్క గొంతు తెలియని ఇల్లు లేదు. పొద్దున్నే సముద్రపొడ్డు పాలెం నుంచి నెత్తిన చేపల గంప పెట్టుకుని వచ్చి, వీధి మొదట్లో నిలబడి "నెత్తళ్లో... కానాగంతలో..." అని ఒక్క కేక వేసిందంటే వీధి చివరింట్లో పిల్లి కూడా లేచి కూర్చునేది. బేరం దగ్గర ఆ నోటికి ఎదురు లేదు. "ఏమ్మే, చేప కళ్లు చూడు. నీ కళ్లకన్నా తేటగా ఉండాయి. ఇంకేం కావాల నీకు?" అనేది. తిట్టించుకుంటూనే కొనేవాళ్లు జనం.

ఆ గొంతు విషయంలో నేనొక పాడుపని చేశాను. అది చెప్పకుండా కామమ్మక్క గురించి ఎంత గొప్పగా రాసినా దండగ. నా పేరు మాల్యాద్రి. ఇరవై రెండేళ్లుగా పెళ్లి వీడియోలు తీస్తున్నాను. నోటి దురుసు నాకూ ఉంది. అయితే కామమ్మక్క తిడితే జనం నవ్వేవాళ్లు, నేను తిడితే నవ్వరు. తేడా ఏమిటో యాభై ఏళ్లు వచ్చాక తెలిసింది నా మొహానికి.

ఆమెకు పదిహేడో ఏట పెళ్లయింది. మొగుడు వెంకయ్య పడవ మీద జారిపడి నడుం విరగ్గొట్టుకుని మంచానపడితే గంప ఎత్తుకుంది. ఆయన పోయాక కూడా దించలేదు. ఒక్కగానొక్క కూతురు ధనలక్ష్మి విషజ్వరం వచ్చి పోయింది. అప్పటికి మనవరాలు భానుప్రియకు నాలుగేళ్లు. పిల్ల తండ్రి ఏడాది తిరక్కుండా వేరే కాపురం పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ గంప మీదే పిల్లను డిగ్రీ దాకా చదివించింది కామమ్మక్క. తనకు మాత్రం వేలిముద్రే. "నాకు చదువొస్తే మిమ్మల్నందర్నీ అమ్ముకుని ఉందును" అనేది.

పాలెంలో ఏ పిల్ల పెళ్లయినా అప్పగింతల పాట ఆమే పాడాలి. పెళ్లికూతురి చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో పెట్టేటప్పుడు అందుకునేది. అది పుస్తకంలో దొరికే పాట కాదు. ఆ పిల్ల ఏం తింటుంది, దేనికి అలుగుతుంది, ఎవరి ఒళ్లో పెరిగింది, అమ్మ ఎట్లాంటిది, అన్న ఎట్లాంటివాడు, అన్నీ పేరుపేరునా తనే కట్టి పాడేది. ఒకరికి పాడింది ఇంకొకరికి పాడదు. మళ్లీ ఒకసారి పాడమంటే, "అది ఆ పిల్లదబ్బా. వాళ్లత్తోళ్లింటికి పొయింది" అనేది.

ఇదంతా నాకు ఆలస్యంగా తెలిసింది. ఆమె పాడిన పెళ్లిళ్లు ముప్పై దాకా తీసి ఉంటాను. ఒక్క పాటా విన్న పాపాన పోలేదు. మా పని అట్లాంటిది. తీసిన వీడియోను కంప్యూటర్లో కత్తిరించి అతికించడాన్ని మేం మిక్సింగ్ అంటాం. మిక్సింగ్‌లో నేను చేసే మొదటి పని, పెళ్లిలో వచ్చిన శబ్దమంతా మూసెయ్యడం. ముహూర్తానికొక సినిమా పాట, తలంబ్రాలకొకటి, అప్పగింతలకు ఒక ఏడుపు పాట. పెళ్లిలో మనుషులు ఏం మాట్లాడుకున్నారో ఎవడిక్కావాలి అనుకునేవాణ్ని.

పోయిన దసరా నుంచి కామమ్మక్క గొంతు బొంగురుపోయింది. కేక చిన్నదైంది. నెల్లూరులో చూపించారు, తర్వాత చెన్నై తీసుకుపోయారు. గొంతులో గడ్డ, మాట పలికే పేటికే తీసెయ్యాలి, ప్రాణం దక్కుతుంది గాని మాట దక్కదు అని తేల్చారు. ఆమె డాక్టర్ని ఒక్కటే అడిగిందట. "నా మనవరాలి పెండ్లి దాకా ఆగు సామీ. దానికి పాడి వచ్చేస్తా. ఆ పైన కోసుకో." మాఘమాసంలో పెళ్లి, మరుసటి వారమే ఆపరేషన్ అని పెట్టుకున్నారు.

పెళ్లికి నాలుగు రోజుల ముందు భానుప్రియ నా స్టూడియోకు వచ్చింది. "మాల్యాద్రన్నా, మిగతాదంతా ఎట్టా తీసినా పర్లేదు. అవ్వ పాట మాత్రం బాగా రావాల. ఇంక పాడలేదు గదా" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆ పిల్లకు.

"కొత్త కెమెరా తెచ్చినా తల్లీ. నువ్వు నిశ్చింతగా పీటల మీద కూర్చో" అన్నాను.

పెళ్లి జరిగింది. ఆపరేషన్ కూడా జరిగింది. నెల తర్వాత నేను మిక్సింగుకు కూర్చున్నాను. ఈసారి శబ్దం మూసెయ్యకూడదు కదా అని అప్పగింతల భాగం తెరిచాను. తెర మీద బొమ్మ ఆడుతోంది. కామమ్మక్క నోరు కదులుతోంది. మాట లేదు. బొమ్మకు కింద గీతలు గీతలుగా రావాల్సిన శబ్దం పట్టీ అసలే రాలేదు. స్పీకర్లు మార్చాను, వైర్లు పీకి పెట్టాను, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను. పెళ్లి మొత్తం వెతికాను. మేళం లేదు, మంత్రాలు లేవు. అంతా మూగే.

అప్పుడు ఎవర్నైనా అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. ఇరవై రెండేళ్ల సర్వీసు ఉన్నవాడు పోయి, కొత్త కెమెరాలో శబ్దం రాలేదు బాబూ అని ఎవరి ముందు నిలబడతాడు? పరువు తక్కువ అనిపించింది. ఎప్పటిలాగే అన్నిటి మీదా సినిమా పాటలు వేసి పెట్టేశాను.

వీడియో తీసుకోవడానికి అవ్వా మనవరాలూ ఇద్దరూ వచ్చారు. కామమ్మక్క మెడ చుట్టూ తెల్లగుడ్డ, సగానికి సగం తగ్గిపోయిన మనిషి. భానుప్రియ అక్కడే పెట్టి చూసింది. అప్పగింతల దగ్గర సినిమా పాట రాగానే నా వైపు తిరిగింది.

"అవ్వ పాట ఏదన్నా?"

ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు. నేను వాడికన్నా ఘనుణ్ని. "ఏం చేసేది తల్లీ? అవ్వ గొంతు అప్పటికే పొయింది గదా. కెమెరాకు అందలా" అన్నాను.

"మాకందరికీ వినబడింది గదన్నా!"

"మనిషి చెవి వేరు, మైకు చెవి వేరమ్మా" అన్నాను. నోరు తిరిగింది కదా అని ఏదంటే అది అనేశాను.

కామమ్మక్క ఒక్కమాటు గొంతు దగ్గర చెయ్యి పెట్టుకుంది. నిజమే అన్నట్టు తలూపింది. ఏడుస్తున్న మనవరాలి వీపు నిమిరి బయటికి తీసుకుపోయింది. వారం తిరక్కుండా ఆ మాట పాలెమంతా పాకింది. "పాపం, ఊరందరి పిల్లలకీ పాడింది. సొంత మనవరాలి కాడికొచ్చేసరికి గొంతు మైక్కి అందనంతగా పడిపాయె" అని నా భార్యతో ఎవరో అంటుంటే లోపలి గదిలోంచి విన్నాను. లేచి గది తలుపు దగ్గరికేశాను.

వేసవి చివర్లో పాస్టర్ యెహోషువగారు మూడు రోజుల కూడికలు పెట్టి వీడియో తియ్యమన్నారు. ఆయనకు పాట వేస్తే కుదరదు, ప్రసంగమే కావాలి. తెరిచి చూస్తే మళ్లీ అదే కథ. బొమ్మ ఉంది, మాట లేదు. యెహోషువగారు మైకు లేకుండా మాట్లాడితేనే రెండు వీధులకు వినిపిస్తుంది. ఆయన గొంతు కూడా పోయిందని చెప్పలేను కదా! హార్డ్ డిస్క్ సంచిలో వేసుకుని నెల్లూరులో సాయిలక్ష్మి దగ్గరికి పరుగెత్తాను.

సాయిలక్ష్మికి ముప్పై ఏళ్లుంటాయి. మిక్సింగ్ సెంటర్ నడుపుతుంది, మా జిల్లాలో సగం పెళ్లిళ్లు ఆమె చేతి మీదుగానే పోతాయి. నేను చెప్పింది విని, ఫైలును సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకోకుండా మామూలుగా సినిమాలు చూసే ప్లేయర్లో తెరిచింది. యెహోషువగారు గది అదిరేటట్టు "ప్రియులారా!" అన్నారు.

"శబ్దం యాడికీ పోలా అన్నా. నీ కెమెరా శబ్దాన్ని ఒక రకంగా రాస్తా ఉంది. నీ పాత సాఫ్ట్‌వేర్‌కు ఆ రకం చదవడం రాదు. బొమ్మ వరకూ తీసుకుని శబ్దం వదిలేసింది. అంతే" అంది. ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాం ఒకటి తీసి, శబ్దాన్ని వేరే ఫైలుగా మార్చి, బొమ్మ కింద పెట్టి, పెదవులకు సరిపోయేలా జరిపింది. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. తర్వాత నవ్వుతూ అడిగింది. "ఇన్నేండ్ల సర్వీసులో ఫైలు ఒక్కసారన్నా ఉత్తగా తెరిచి చూడాలనిపీలా అన్నా?"

ఆ పిల్ల సరదాకే అంది. నాకు తల కొట్టేసినట్టయింది. దొంగకు తేలు కుట్టినట్టు గమ్మున లేచి వచ్చేశాను. కామమ్మక్క సంగతి ఆమెకు చెప్పలేదు.

ఇంటికి రాగానే తలుపేసుకుని, సాయిలక్ష్మి చూపించిన ప్లేయర్లోనే భానుప్రియ అప్పగింతలు పెట్టాను. గొంతు బొంగురుగా ఉంది గాని, ఒక్క అక్షరం జారలేదు.

"ఉప్పుగాలి తాగి ఎదిగినాదీ పిల్ల
ఉత్తమాటంటేనే ఉలికిపడతాది
పులుసులో ముక్కలు పక్కకే పెడతాది
పస్తుంటె మాత్రము పైకి చెప్పాదు
ఓ వియ్యపురాలా, ఒప్పజెప్పుతున్నా"

చుట్టూ ఆడవాళ్లు ముక్కులు చీదుతున్నారు. ఇంత గొంతు పెట్టుకున్న మనిషితో నీకు గొంతు లేదన్నానా! చెప్పు తీసుకుని నన్ను నేనే కొట్టుకోవాలనిపించింది.

ఇంకో చరణం మొదలవబోతుండగా, అన్ని శబ్దాలనూ మింగేస్తూ ఒక మగగొంతు వచ్చింది. కెమెరా మైకుకు అందరికన్నా దగ్గరగా ఉండేది కెమెరా పట్టుకున్నవాడి నోరే.

"ఇంక ఆపమనండబ్బా ఆ ముసలిదాన్ని! ఒడ్డున జంట ఫోటోలు తియ్యాల, ఎండ పోతాంది. ఎట్టాగూ మిక్సింగ్‌లో నేను పాటేసుకుంటా గదా!"

నేనే. అన్నట్టు గుర్తు కూడా లేదు. ప్రతి పెళ్లిలోనూ ఎవర్నో ఒకర్ని అంటూనే ఉంటాను. రికార్డులో ఆ తర్వాత కామమ్మక్క "ఒప్పజెప్పుతున్నా" అని మళ్లీ ఒకసారి అని ముగించింది.

బుద్ధి గడ్డి తిన్నదంటే అదే. సిగ్గుపడి ఊరుకోకుండా, ఆ సిగ్గును కత్తిరించడానికి కూర్చున్నాను. నా మాటలు తీసేసి, అతుకు తెలియకుండా సన్నాయి ముక్క ఒకటి కప్పాను. ఇరవై రెండేళ్ల పనితనం మరి, చక్కగా కుదిరింది. అసలు ఫైలు కూడా లాప్‌టాప్‌లోనే ఉంది.

మర్నాడు పాలెం పోయాను. భానుప్రియ ఆషాఢానికి పుట్టింటికి వచ్చి ఉంది. కామమ్మక్క గడప దగ్గర ఎండుచేపలు ఏరుతోంది. "అక్కా, ఆ రోజు తప్పు నీ గొంతుది కాదు. నాకు పని తెలవక అట్టా కూసినా. నీ పాట దొరికింది" అన్నాను. ఆమె చేపలు వదిలేసి, చేతులు చీరకు తుడుచుకుని వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చుంది.

తన గొంతు వినగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత శబ్దం లేకుండా నవ్వింది. నా భుజం మీద ఒక్క చరుపు చరిచింది, దొరికిందిరా నీకు అన్నట్టు. నా పాపం అంతటితో తీరిపోయిందనుకున్నాను.

పాట అయిపోయింది. భానుప్రియ అవ్వ వైపు తిరిగింది. "మా అమ్మ చరణం ఏదవ్వా?"

నాకు అర్థం కాలేదు.

"అమ్మ మీద చరణం కడతా ఉండా, ఇప్పుడు చెప్పను, పెండ్లిలోనే ఇనాల నువ్వు అనిందన్నా అవ్వ. నెలపాటు కట్టింది. ఆ రోజు ఏడుపులో నాకు తెలవలా, పాడేసిందనే అనుకున్నా. ఇందులో లేదే!"

కామమ్మక్క నా వైపు చూసింది. ఒక్క చూపే. నేనన్న మాట ఆ రోజే ఆమె విన్నదని అర్థమైంది. ఆమె మనవరాలి వైపు తిరిగి, తన గొంతు మీద చెయ్యి పెట్టుకుని, లేదన్నట్టు తలాడించింది. అక్కడికొచ్చేసరికి గొంతు రాలేదు అని. నేను చెప్పిన అబద్ధాన్నే నా కోసం ఆమె చెబుతోంది.

అంతకుమించి కూర్చోలేకపోయాను. "అబద్ధం తల్లీ! అవ్వ గొంతు బాగానే ఉండింది. నేను ఆపించినా" అన్నాను. అసలు ఫైలు తెరిచి పెట్టాను. ముసలిదాన్ని ఆపమనండబ్బా అని నా గొంతు ఆ చిన్న ఇంట్లో గట్టిగా మోగింది. వాకిట్లో ఉన్న ఆడవాళ్లు కూడా తిరిగి చూశారు.

భానుప్రియ అవ్వ ముందు మోకాళ్ల మీద కూర్చుని, "ఇప్పుడు చెప్పవ్వా. మెల్లిగా చెప్పు, నేను ఇంటా" అంది.

కామమ్మక్క మెడ మీది గుడ్డ సర్దుకుంది. మోకాలి మీద వేళ్లతో తాళం వేసుకుంటూ పెదవులు కదిపింది. పాడుతున్నట్టే కనుబొమ్మలు పైకి లేచాయి, తల పక్కకు వాలింది. ఆపరేషన్‌లో మెడకు పెట్టిన రంధ్రంలోంచి గాలి వచ్చిపోతున్న సవ్వడి తప్ప ఏమీ లేదు. ఎంత పొడుగు చరణం కట్టిందో, చాలాసేపు పాడింది. భానుప్రియ రెప్ప వెయ్యకుండా ఆ పెదవులనే చూస్తోంది.

"ఏమంటా ఉంది తల్లీ?" అనడిగాను.

"ధనలక్ష్మీ అంటా ఉందన్నా" అంది భానుప్రియ. "మిగతాది తెలీట్లా."