గోడెక్కిన అవ్వ

నేనేం చేసినా మా ఇంట్లో దానికి ఇంకో అర్థం తీస్తారు. మెక్సికో వీధుల్లో మూడంతస్తుల ఎత్తున గీసిన ముసలమ్మల ముఖాలు ఫోన్‌లో చూసి, మా వీధిగోడ మీద మా అవ్వ బొమ్మ వేశాను. ఒడిలో వేరుశనగ కాయలు, బుగ్గన ఆకువక్క. నిన్న సాయంత్రానికి పూర్తయింది. ఎవరో ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టారు.

ఈరోజు మధ్యాహ్నం అవ్వ చెల్లెలు, మా చిన్నవ్వ, యాడికి ఊరి నుంచి వచ్చి బస్సు దిగింది. చేతిలో పూలదండతో, వీధి మొదట్నుంచే గుండెలు బాదుకుంటూ వచ్చింది. అవ్వేమో ఆ బొమ్మ కిందే అరుగు మీద కూర్చుని కాయలు ఒలుస్తోంది.

"ఎవురు పోయిరే?" అని అడిగింది అవ్వ.

"నువ్వే గదక్కా!" అంది చిన్నవ్వ. ఏడుపు అక్కడే ఆగిపోయింది.

వీధంతా నవ్వింది. నాయన మాత్రం నా మీద విరుచుకుపడ్డాడు.

"బతికుండే మనిషిని గోడకెక్కిస్తావా మ్మే? ముసిల్ది ఎప్పుడు పోతాదా అని చూస్తాండావా? రేప్పొద్దున్నే సున్నం కొట్టేస్తా."

"కొడితే ఊరుకోనప్పా," అంది అవ్వ. "ముక్కొకటి లావైంది, అది సరిచెయ్యమను."

ఆమె చూసుకుని మురిసిపోవాలని వేసిన బొమ్మ, చివరికి ఆమె చావు కోరినట్టయింది. మా ఊళ్లో గోడెక్కాలంటే దేవుడైనా అయ్యుండాలి, ఓట్లైనా అడుగుతుండాలి, లేదంటే చచ్చిపోయైనా ఉండాలి. మీ ఊళ్లోనూ ఇంతేనా?

సున్నం కొట్టనివ్వను. రేపు అవ్వ ముక్కు సన్నం చేసి, పక్కనే నాయన బొమ్మ వేస్తాను.