రంగు పోతే మా ఇంటికి రాండ్రి

ముందే చెబుతున్నాను, ఈ పోస్టులో బస్సులు, ఆటోలు, భోజనం అన్నీ ఉంటాయి గానీ ఊరి పేరు మాత్రం ఉండదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. నేను హైదరాబాద్‌లో ఫ్యాషన్‌లో పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నేలకూ నీళ్లకూ చేటు చేయని బట్ట, దానికి తోడు కొత్త టెక్నాలజీ, ఇదీ మా కోర్సు. నా ప్రాజెక్టు చీర కొంగు చివర కుట్టే చిన్న ట్యాగ్. ఫోన్‌తో స్కాన్ చేస్తే నేసిన మనిషి ఫోటో, ఊరు కనిపిస్తాయి, గొంతు వినిపిస్తుంది. ఒకసారి ఎక్కించిన వివరాన్ని ఇక ఎవరూ మార్చలేరు, చెరపలేరు. ఆ ముక్క చెప్పినప్పుడల్లా మా సార్లు తలలు ఊపేవాళ్లు, నేను పొంగిపోయేదాన్ని. కిందటేడు చీరలమ్మే ఒక కంపెనీ కోసం కొల్లాపూర్ దగ్గరి ఊళ్లో మగ్గం నేసే అనసూయమ్మ గొంతు రికార్డు చేశాను. "గీ చీర నేను నేసిన. రంగు పోదు. పోతే మా ఇంటికి రాండ్రి" అన్నది ఆమె, ఎవరూ చెప్పమనకుండానే. క్లాసులో వినిపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. థీసిస్ ఇచ్చే ముందు ఆమెను మళ్లీ కలిసి, ట్యాగ్ వల్ల ఆమెకు జరిగిన మేలేమిటో రాసుకుందామని బయల్దేరాను. మేలట!

మాది చౌటుప్పల్. మా నాయిన కూడా ఒకప్పుడు మగ్గం నేసినవాడే, ఇప్పుడు మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు. ఆదివారం తెల్లవారుజామున ఇల్లు వదిలి, ఎల్బీనగర్‌లో బస్సు మారి, సిటీ పెద్ద బస్టాండులో ఏడు గంటల కొల్లాపూర్ ఎక్స్‌ప్రెస్ పట్టుకున్నాను. ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు గానీ ఆధార్ కార్డు మరిచిపోతే కండక్టర్ ఊరుకోడు. జడ్చర్లలో పది నిమిషాలు ఆపుతారు. అక్కడ బండి మీద ఇడ్లీ ముప్పై రూపాయలు, చట్నీలో నీళ్లే ఎక్కువ, అయినా వేడిగా ఉంది. నాగర్‌కర్నూల్ దాటాక మామిడి తోటలు మొదలవుతాయి. కిటికీ పక్కన కూర్చుని అనసూయమ్మను అడగాల్సిన ప్రశ్నలు మనసులో వరసగా పేర్చుకున్నాను. పదకొండున్నరకల్లా కొల్లాపూర్ చేరాం.

అక్కడి నుంచి ఊరికి ఆటో మాట్లాడుకుంటే రెండు వందలు, నలుగురితో కలిసి పోతే ముప్పై. బస్టాండు దగ్గర డ్రైవర్, "సోమశిలకా అక్కా?" అని అడిగాడు, కృష్ణ ఒడ్డు చూడటానికి వచ్చాననుకుని. కాదు, అనసూయమ్మ ఇంటికన్నాను. అతను నా సంచీ వైపు చూసి, "నీ చీర గూడ రంగు వోయిందా?" అన్నాడు. నాకు ఏమీ అర్థం కాలేదు.

"ఆదివారమొస్తే గదే గిరాకి. కొందరు కార్లేసుకొని వస్తున్నరు. మొన్న ఒకామె నా ఆటోలనే తొవ్వ పొంట తిట్టుకుంట వచ్చింది. తెల్ల రైకంత ఎర్రగైందట. పాపం గా ముసలామెను ఏమన్నదో ఏమో" అన్నాడు.

అనసూయమ్మ నన్ను చూసి నిజంగానే సంతోషపడింది. "ఎండల వచ్చినవ్ బిడ్డా, జర కూసో" అని చాయ్ పెట్టింది. పోయినసారి మగ్గం ఉన్న గదిలో ఇప్పుడు మంచం ఉంది. మగ్గం గుంతను పూడ్చి పైన సిమెంటు చేశారు.

"మగ్గమేది పెద్దమ్మా?" అన్నాను.

"నువ్వు వోయినంక రెండు నెలలకే కంపెనీవాళ్లు నూలు ఇచ్చుడు బంద్ వెట్టిన్రు. మామిడి తోటల కూలికి వోతున్న."

"మరి నీ పేరు మీద చీరలు అమ్ముతున్నరు గద?"

"అవి మిషన్ మీద నేసినయట. ట్యాగే నాది."

చాయ్ చేదెక్కింది. రంగు పోయిందని వచ్చినవాళ్లకు ఏం చెబుతున్నావని అడిగాను. తాను కట్టుకుందామని ఎప్పుడో నేసి పెట్టెలో దాచుకున్న చీరలు మూడు ఉండేవట. రెండు ఇచ్చేసిందట. ఒళ్లు మండిపోయింది నాకు.

"నీకేమన్న పిచ్చా పెద్దమ్మా? అవి నువ్వు నేసినయి కావు గద!"

"చీర నాది కాకపాయె, మాట నాదే గద బిడ్డా. ఇన్నేండ్లు నేసిన, రంగు వోయిందని ఒక్కలు మా గడప ఎక్కలే. ఇప్పుడు ఎక్కుతుంటే ఒట్టి చేతులతోని ఎట్ల పంపాలె?" నా చేతిలోని గ్లాసు తీసుకుని, "నా గొంతు అండ్లకెల్లి తీసెయ్యి. పెట్టింది నువ్వే గద" అన్నది.

బయటికొచ్చి కంపెనీ అతనికి ఫోన్ చేశాను. ఒకరి ట్యాగ్ ఇంకొకరి బట్టకు ఎట్లా కుడతారని గట్టిగానే అడిగాను. "డిజైన్ అదే కదా మేడమ్" అన్నాడు. గొంతు తీసేయమంటే నవ్వాడు. "అది ఎవరూ తీయలేరు. మీ ప్రాజెక్టే కదా, మీకు తెలియదా? వచ్చే సీజన్‌కు ఇంకొకామెను రికార్డు చేద్దాం." ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ పళ్లు కొరుక్కోవాలనిపిస్తుంది. లోపలికి వెళ్లి, తీయరాదట పెద్దమ్మా అని చెప్పాను.

"పెట్టనీకి వచ్చె గాని తీయనీకి రాదా?" అన్నది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

అప్పుడే వాకిట్లో కారు ఆగింది. భార్యాభర్తలు దిగారు, ఆమె చేతిలో కవరు, అందులో చీర. ఇల్లు ఇదేనా అని ఫోన్‌లో ట్యాగ్ చూసుకుంటుంటే రికార్డు మోగింది. "రంగు పోదు. పోతే మా ఇంటికి రాండ్రి." ఆ మాట వినగానే అనసూయమ్మ లేచి లోపలికి పోయింది. నేను వాళ్లను వాకిట్లోనే ఆపి మిషన్ సంగతి, ట్యాగ్ సంగతి అంతా చెప్పాను. ఆమె బుగ్గ మీద చేయి పెట్టుకుని, "అంటే మమ్మల్ని మోసం చేశారన్నమాట!" అన్నది. మిమ్మల్నా అనబోయి ఊరుకున్నాను.

ఈలోగా అనసూయమ్మ చీరతో వచ్చింది. గంధం రంగు, మెరూన్ అంచు. నేను చేయి పట్టుకుని ఆపబోతే, "నువ్వు ఊకో" అని విడిపించుకుంది. వచ్చినామె "అయ్యో, వద్దండీ" అన్నది. మళ్లీ ఒకసారి వద్దన్నది. తర్వాత అంచు తడిమి, "ఎంత మెత్తగా ఉందో చూడండి" అని భర్తకు చూపించింది. అనసూయమ్మ పక్కన నిలబడి ఒక సెల్ఫీ తీసుకుంది. కారు వెళ్లిపోయాక చూస్తే, రంగు పోయిన చీర కవరుతో సహా అరుగు మీదే ఉంది.

కొల్లాపూర్ బస్టాండు దగ్గరి మెస్సులో జొన్నరొట్టె, మటన్ నూట యాభై. రుచి బాగానే ఉంటుంది, నేనే సగం వదిలేశాను. నాలుగు గంటలకు బస్సెక్కి మా థీసిస్ గైడ్‌కు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. "చాలా మంచి ఫీల్డ్ అనుభవం. పరిమితులు అనే భాగంలో రెండు లైన్లు రాయి" అన్నారు.

థీసిస్ ఇంకా ఇవ్వలేదు. ఎవరూ చెరపలేరు అని గొప్పగా మొదలయ్యే అధ్యాయం దగ్గరే ఆగిపోయింది. చెరపలేనిదాన్ని తయారుచేయడం మాకు బాగా నేర్పారు. అది ఎవరి మెడకు చుట్టుకుంటుందో అడగడం మాత్రం ఏ సెమిస్టర్‌లోనూ లేదు, నాకూ తోచలేదు. నేతగాళ్ల ఊళ్లు చూడటానికి పోయే విద్యార్థులకు, చీరలు కొనేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే: రంగు పోతే కొన్న షాపుకే పోయి గొడవ పెట్టుకోండి. ట్యాగ్‌లోని గొంతు మిమ్మల్ని రమ్మంటూనే ఉంటుంది, పోకండి. ఆమె పెట్టెలో ఇక చీరల్లేవు. ఈసారి ఎవరైనా గడప ఎక్కితే, ఒంటి మీది చీరే విప్పి ఇస్తుందేమోనని నా భయం.