మూడు ఆసుల అంకయ్య

పర్చూరు పక్క పల్లెలో అతన్ని మూడు ఆసుల అంకయ్య అంటారు. మెచ్చుకుని పెట్టిన పేరు కాదు.

రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేసేవాడు. కోతలయ్యాక మధ్యాహ్నాలు పొగాకు కాల్చే బ్యారన్ నీడలో మూడుముక్కలాట. ముప్పయ్యో ఏట ఒకరోజు ముక్కలెత్తి చూస్తే మూడూ ఆసులే. ఆ ఆటలో అంతకు మించినవి లేవు. అంకయ్య చెవులు వేడెక్కాయి, పెదవి అదిరింది. ఎదురుగా కూర్చున్న ఆదెయ్య ఆ మొహం వంక ఒక్క క్షణం చూసి, పందెం కాయకుండానే తన ముక్కలు కింద పడేశాడు. అది చూసి మాలిక్, తక్కిన ఇద్దరూ పడేశారు. అంకయ్యకి దక్కింది ఆట మొదట్లో తలా పది వేసిన యాభై రూపాయలు.

"ఒరేయ్, పెద్ద ముక్కలు పడితే సరిపోదురా. ఎదుటోడు కూడా ఆడాలి. నీ మొహం చూశాక ఎవడాడతాడు?" అన్నాడు ఆదెయ్య.

అందరూ నవ్వారు. అంకయ్యకి ఆ నవ్వు ముల్లులా దిగింది. మళ్లీ ఆ ముక్కలు పడేనాటికి మొహంలో ఏదీ కనబడకూడదని పంతం పట్టాడు. గడ్డం గీసుకునే అద్దం ముందు కూర్చుని సాధన చేశాడు. ఏళ్ల తరబడి ఆడాడు. మొహం రాయైంది గానీ ఆసులు రాలేదు.

కూతురు జెస్సీకి లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చింది. కాగితం పట్టుకుని పరుగెత్తుకొస్తే, "మంచిది" అన్నాడు. అంతే.

ఒకసారి ఆ పిల్లే లెక్క వేసి చెప్పింది. "నాన్నా, మూడు ముక్కలు ఇరవై రెండు వేల వంద రకాలుగా పడొచ్చు. మూడు ఆసులు పడేది అందులో నాలుగే. దానికోసం బతుకంతా కాచుకుని కూర్చుంటావా?"

అంకయ్య తువ్వాలు భుజాన వేసుకుని బ్యారన్ వైపు నడిచాడు.

భార్య రెబ్కాకి జబ్బు ముదిరిందనీ, ఇక నెలలేననీ గుంటూరులో డాక్టరు చెప్పినప్పుడూ అతని మొహం కదల్లేదు. తిరుగు బస్సులో ఆమె అడిగింది.

"ఏందయ్యా, నేను పోతన్నానని నీకు అర్థమైందా?"

"అయింది."

లోపల ఏదో తెగిపడుతోంది. అది మొహం దాకా వచ్చే దారి మూసుకుపోయింది. రెబ్కా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

సమాధి దగ్గర పాస్టరు గారు ప్రార్థన ముగించాక అందరూ అతని వైపే చూశారు. కన్ను తడవలేదు. జెస్సీ ఆ సాయంత్రమే బస్సెక్కింది.

ఇప్పుడు వారానికోసారి ఫోన్ చేస్తుంది, పక్కింటి మాధురికి. "నాన్న తిన్నాడా అక్కా?" అని అడిగి పెట్టేస్తుంది.