గట్టు మీద లేని డబ్బా

మా వదిన పోయింది. పురుగుమందు తాగి పోయిందని మీరంతా విన్నారు. తాగలేదు. తిన్నది. ఆ ఆకు నా చేలోది, దాని మీద పడ్డ మందు నా చేలోది. మన కూటం పత్రికలో నెలనెలా ఈ పేజీలో ఎవరో ఒకరిని నిలబెట్టి అడుగుతుంటాను. ఈ నెల నిలబడాల్సింది నేను.

నేను ఏ పాఠశాలలోనూ దైవశాస్త్రం చదివినవాణ్ణి కాను. పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టం దగ్గర కాపలా ఉంటూ, చిరిగిన అట్టలున్న పరిశుద్ధ గ్రంథంలో వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. అలా నేర్చినవాడికి వాక్యం గట్టిగా పట్టుబడుతుంది. చేతికర్రలా పట్టుబడుతుంది, ఎదుటివాణ్ణి కొట్టడానికి కూడా పనికొస్తుంది. నేను ఎక్కువసార్లు అందుకే వాడాను.

మా అన్న చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. షుగరు జబ్బు. కాలివేలితో మొదలుపెట్టి మోకాలి దాకా మూడుసార్లు కోశారు. నాలుగోసారి కోయడానికి మనిషి మిగల్లేదు. ఆసుపత్రి మంచం మీద కూడా తలకాయ కూర అడిగాడు. క్యారేజీలో తెచ్చి ముద్దలు కలిపి పెట్టింది మా వదినే. మనిషి పోయాక ఆమె ఆ క్యారేజీ తోమి మా ఇంట్లో ఇచ్చేసి, ఏజెంటును పట్టుకుని కువైట్‌కు వంటమనిషిగా వెళ్ళింది.

పన్నెండేళ్ళు ఉంది. అరబ్బుల ఇల్లు, పెద్ద కుటుంబం, రోజూ మాంసం. అదంతా ఆమె చేతుల మీదుగానే పళ్ళాల్లోకి వెళ్ళేది. ఆమె మాత్రం ఒక్క ముక్క నోట్లో వేసుకోలేదు. తన గదిలో నానబెట్టిన శనగలు, కీరాదోస, పప్పు, ఏదో ఒక ఆకు. లేవగానే గోరువెచ్చని నీళ్ళు. ఇంటివాళ్ళు లేవకముందే మిద్దె మీద బట్టలారేసే తీగల మధ్య నలభై చుట్లు నడక. సాయంత్రం అక్కడి మసీదులో పిలుపు వినిపించేలోపు ఆ రోజు తిండి అయిపోవాలి. నాకూ షుగరే కాబట్టి ఇవన్నీ ఫోనులో మాట్లాడి నాకు పంపించేది. ఎండలో తిరగకు, బెల్లం కూడా చక్కెరే, ఈ పూట ఏం తిన్నావు, నిజం చెప్పు. నేను సగం వినకుండానే చెరిపేసేవాణ్ణి.

అంతటితో ఊరుకోలేదు. ఒక ఆదివారం ప్రసంగంలో ఆమెను ఎత్తుకున్నాను. దేవుడు తినమని ఇచ్చినదాన్ని వద్దనేవాళ్ళ గురించి మాట్లాడుతూ, మా వదిన కువైట్ వెళ్ళి మేకయిపోయింది అన్నాను. మందిరమంతా నవ్వింది. మీలో చాలామంది నవ్వారు, నాకు గుర్తుంది. ఎవరు చేరవేశారో గానీ సాయంత్రానికి ఆమె గొంతు నా ఫోనులోకి వచ్చింది.

"మేకనే మరిదీ. మేక కాళ్ళు ఎవరూ కొయ్యరు, షుగరొచ్చిందని."

మొదటి తోటలో మనిషికి దేవుడు పెట్టిన భోజనం ఏమిటో నాకు తెలియక కాదు. గింజ, పండు. మాంసం చాలా తర్వాత, భూమంతా నీళ్ళలో మునిగి లేచాక వచ్చింది. అది నేను ఎన్నడూ ప్రసంగించలేదు. ప్రసంగం అవగానే ప్రేమవిందు ఉండేది, విందులో కోడి ఉండేది.

నిరుడు ఆమె తిరిగి వచ్చేసింది. కరోనా అక్కడ పట్టినప్పుడు ముక్కుకు వాసన పోయిందట, మళ్ళీ రాలేదు. మసాలా మాడినా తెలియని వంటమనిషి ఎందుకని పంపించేశారు. మా ఇంటి పక్కనే మా అన్న గదుల్లో దిగింది. దిగిన రోజే నన్ను అరుగు మీద కూర్చోబెట్టి కాలు పైకెత్తమంది. కుడి అరికాల్లో రూపాయి బిళ్ళంత పుండు. నాకు అది ఉన్నట్టు కూడా తెలియదు. ఆమె దాని వైపు చూసిన చూపు నేను మా అన్న మంచం దగ్గర చూసిందే. సంచీలోంచి చేతిలో పట్టుకునే చిన్న అద్దం తీసి ఇచ్చింది. అక్కడ తనతో పనిచేసిన సింహళ ఆమె నేర్పిందట, రోజూ పొద్దున్నే అద్దంలో అరికాళ్ళు చూసుకోవడం.

"కాలు నీకు చెప్పదు. నువ్వే అడగాలి," అంది.

ఆ రోజు నుంచి నా కాలు ఆమెకు ఉద్యోగం. పుండు కడగడం, కట్టు కట్టడం, మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి మా కిటికీలో ఒక పళ్ళెం, దాని మీద బోర్లించిన మూత. పళ్ళెంలో పచ్చి ఆకు, ఉల్లి, టమాటా, నానిన శనగలు, పైన నిమ్మరసం. ఆ ఆకు గంగపాయలాకు. మన మిరప చేలల్లో కలుపుతోపాటు పీకించి గట్టు మీద పారేస్తామే, అదే. కువైట్ మార్కెట్టులో దాన్ని కట్టలు కట్టి అమ్ముతుంటే చూసి, అంగట్లోనే ఒంటరిగా నవ్వుకుందట. అక్కడివాళ్ళు పచ్చిగానే తింటారు. పొయ్యి చూపిస్తే దాని గుణం సగం పోద్ది అనేది. మా ఇంటిది ఆ పళ్ళేన్ని మేకల మేత అని ముట్టుకునేది కాదు. నేను మాత్రం తిట్టుకుంటూ తిన్నాను. రెండు నెలలకు షుగరు దిగింది. మూడో నెలకు పుండు అంచులు దగ్గరపడ్డాయి.

ఆకు నా చేలోనే కోసుకొమ్మని చెప్పింది నేనే. మందు సంగతి అడిగింది. కొట్టిన రోజు డబ్బా ఉంటుందిగా అన్నాను.

మన ఊరివాళ్ళకు చెప్పనక్కర్లేదు, పత్రిక వేరే ఊళ్ళకూ వెళ్తుంది కాబట్టి చెబుతున్నాను. మా దగ్గర మిరపకు మందు కొడితే ఖాళీ డబ్బాను కర్రకు బోర్లించి గట్టు మీద పాతుతాం. దాన్ని చూసి గొర్రెలవాళ్ళు మంద మళ్ళించుకుంటారు, ఆకుకు వచ్చిన ఆడవాళ్ళు వెనక్కి తిరుగుతారు. పది రోజులు అది అక్కడే ఉండాలి. వాసన బట్టి తెలుసుకోవడం కుదరదు, ఆ కాలంలో ఊరి గాలంతా మందు వాసనే. వదినకైతే ఆ వాసన కూడా లేదు. ఆమెకు ఉన్నదల్లా కళ్ళు, ఆ డబ్బా.

ఆ రోజు పొద్దున్నే తామర పురుగుకని మస్తాన్ చేత మందు కొట్టించాను. మస్తాన్ నా చేలో పదేళ్ళుగా మందు కొడుతున్న మనిషి. ఎనిమిదింటికి పని ముగించి, డబ్బా పాతి వెళ్ళనా అని అడిగాడు. నేను పాతుతాలే, నువ్వు వెళ్ళి స్నానం చెయ్ అన్నాను. కర్ర వెతుకుతుంటే కారు వచ్చి హారన్ కొట్టింది. చిలకలూరిపేటలో పెళ్ళి, ప్రార్థన నాదే. డబ్బా షెడ్డు గోడకు ఆనించి కారెక్కాను.

పెళ్ళిలో ప్రార్థన చేశాను, ఆపైన మటన్ బిర్యానీ రెండుసార్లు వేయించుకున్నాను. వదిన కంటపడకుండా తినే అవకాశం ఎప్పుడో గానీ రాదు. ఎముక పీలుస్తుంటే డబ్బా గుర్తొచ్చింది. వెంటనే లేచానా? లేదు. పెరుగు వేసుకుని, కిళ్ళీ కట్టించుకుని మరీ బయల్దేరాను. మూడింటికి చేను దగ్గర కారు ఆపించి, గట్టు మీద కర్ర పాతి డబ్బా బోర్లించాను. అమ్మయ్య అనుకుని అక్కడే స్తోత్రం చెప్పాను. అప్పటికి నా వదిన ఇంట్లో నేల మీద పడి ఉంది.

మస్తాన్ వెళ్ళాక పక్క చేలో కలుపుకు దిగిన ఆడవాళ్ళు చూశారు. పదింటికి వచ్చిందట. గట్టు మీద నిలబడి, ఎండకు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, డబ్బా పాతే చోటు వైపు కాసేపు చూసి చేలోకి దిగిందట. అక్కడ డబ్బా ఉందో లేదో వాళ్ళు గమనించలేదు. కోసుకుని, ఇంటికెళ్ళి రెండు నీళ్ళలో కడిగి, ఉప్పునీళ్ళలో నానబెట్టి ఉంటుంది, ఆమె పద్ధతి అది. ఆకులోకి దిగిపోయే మందు కడిగితే పోదు. నా పళ్ళెం కిటికీలో పెట్టి తనది తాను తిన్నది.

గుంటూరు ఆసుపత్రిలో మూడు రోజులు బతికింది. నోటివెంట నురగ, ఒళ్ళంతా చెమట, కంటిపాపలు ఆవగింజలంత. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఎంత తాగింది అని అడిగాడు. తాగలేదండి అనాలి. ఏం తిన్నదో చెప్పాలి. నేను తెలియదండి అన్నాను. ప్రభువును పట్టుకెళ్ళిన రాత్రి చలిమంట దగ్గర నిలబడి ఆ మనిషెవరో నాకు తెలియదన్న శిష్యుణ్ణి నేను ఎన్ని ఆదివారాలు ఉతికి ఆరేశానో మీకు తెలుసు. వాడు కోడి కూత విని ఏడ్చాడు. నేను క్యాంటీనుకు వెళ్ళి టీ తాగాను.

మూడో రోజు పొద్దున ఆమె పోయింది. కాగితాల్లో పురుగుమందు అని రాశారు. ఇంటికొచ్చి చూస్తే కిటికీలో పళ్ళెం అలాగే ఉంది. మూత తీశాను. ఆకు నల్లగా వడిలిపోయింది. మూడు రోజులు కిటికీలో ఉన్న తిండికి ఒక్క చీమ పట్టలేదు. తిండిపోతుతనం ఆ రోజు నన్ను కాపాడింది. దీన్ని ఏ వాక్యంతో సర్దుకోవాలో తెలిసినవాళ్ళుంటే వచ్చి చెప్పండి.

ఇక మందిరం గేటు సంగతి. మూడేళ్ళ క్రితం మిరప రేటు పడిపోయినప్పుడు కౌలురైతు ఒకతను మందు తాగి పోతే, ప్రాణం తీసుకున్నవాడి శవం మందిరం లోపలికి రాకూడదని కట్టుబాటు పెట్టింది నేనే. అతని భార్య గేటు పట్టుకుని నిలబడింది. ఎవరూ తీయలేదు. వదిన అప్పుడు కువైట్ నుంచి ఫోను చేసి, చచ్చినోడి మీద కూడా నీ తీర్పేనా మరిదీ అని పెట్టేసింది. ఇప్పుడు ఆమె శవపెట్టె అదే గేటు బయట ఎండలో ఆగింది. పెద్దలు మొహమాటంగా నా వైపు చూశారు. ఒక్క మాట అంటే గేటు తెరుచుకునేది. నేను తల దించుకున్నాను. దుఃఖం అనుకున్నారు.

వారం తర్వాత చీమకుర్తి నుంచి వాళ్ళక్క వచ్చింది. గ్రానైటు కటింగు యూనిట్లో పనిచేసే మనిషి, మాట కూడా రాయిలాగే ఉంటుంది. మా చెల్లి మందు తాగే మనిషి కాదు, మీరెవరో ఏదో అని ఉంటారు అంది. మేమేమీ అనలేదన్నాను. చేను చూపించమంది. దారిలో ఆ కలుపు ఆడవాళ్ళు తాము చూసిందే చెప్పారు, నిలబడి చూసి దిగిందని. గట్టు మీదికి వచ్చాక ఆమె ఆగిపోయింది. ఎదురుగా కర్ర, కర్ర మీద డబ్బా.

ఆమె అక్కడే కూర్చుంది. "చూసే దిగిందా అయితే," అంది. "డబ్బా చూసి కూడా దిగిందా."

సహోదరులారా, నేను ఆలస్యంగా పాతిన ఆ డబ్బా మా వదిన మీద సాక్ష్యం చెబుతోంది. చూసింది, తెలిసే కోసింది, తెలిసే తిన్నది. ఊరు తీర్పుకు కావలసిన రుజువు నేనే పాతాను. గొయ్యి తవ్వి మూయనివాడు అందులో పడ్డ ఎద్దుకు జవాబు చెప్పాలని ధర్మశాస్త్రంలో ఉంది. ఆ మాట పట్టుకుని బోరుబావులు మూయనివాళ్ళను నేను పేరు పెట్టి తిట్టాను. నేను మనిషి పడ్డాక మూసి, మూతే ఉందిగా మరి ఎందుకు పడింది అని ఊరు అనుకుంటుంటే విన్నాను.

అప్పుడు చెప్పాను. డబ్బా ఆ పూట లేదక్కా, మూడింటికి నేను పాతాను అన్నాను.

ఆమె మళ్ళీ డబ్బా వైపు చూసి అడిగింది.

"ఎక్కడికి పోయావు?"

"పెళ్ళికి."

"ఏం తిన్నావు?"

చెప్పాను.

ఆమె లేచి చీర దులుపుకుంది. "నాకు చెప్పావు, సరే. మీ వాళ్ళకు చెప్పు. రాసి, చదివి వినిపించు. లోపల కాదు, గేటు బయట నిలబడి. నేను వచ్చి వింటా," అంది. నన్ను క్షమించమని నేను అడిగాను. డబ్బా అలాగే ఉంచి బస్సుకు వెళ్ళిపోయింది.

ఇదే ఆ రాసింది. వచ్చే ఆదివారం ఆరాధనకు ముందు గేటు బయట చదువుతాను. ఆ కౌలురైతు భార్యకు కూడా కబురు పంపాను. మస్తాన్ తప్పేమీ లేదు, ఎవరూ అతన్ని ఒక్క మాట అనకండి. పోలీసు స్టేషనుకు వెళ్ళి చెప్పవలసింది చెప్పి వచ్చాను. ఆ పైన కట్టుబాటు ఉంచుతారో, నన్నే గేటు బయట ఉంచుతారో మీ ఇష్టం.

ఈ పొద్దున గోరువెచ్చని నీళ్ళు తాగి అరుగు మీద కూర్చున్నాను. అద్దం తీసి అరికాలు కింద పట్టాను. పుండు మానిపోయింది. రూపాయి బిళ్ళంత మేర కొత్త చర్మం, పసిపిల్లల చర్మంలా లేత గులాబీ రంగులో, ఎండకు మెరుస్తోంది.