యాదగిరి పేరు పక్కన పచ్చ టిక్కు

ఇన్నేళ్లలో నా మాట పట్టించుకున్నవాళ్లు లేరు. ఆఫీసులో ఉన్నప్పుడు వినలేదు, మానేశాక అక్కడికి నిజం రాసి పంపిన మెయిళ్లకూ జవాబు లేదు. అందుకే గుండెల మీద మోసిన బరువును ముఖం తెలియని మీ ముందు దించుతున్నాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. హైటెక్ సిటీలో ఒక కంపెనీ. ఉద్యోగుల ఆన్‌లైన్ శిక్షణ కోర్సులు చూసుకునే పని నాది. అగ్నిప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే వీడియో ఒకటి ఉండేది. దాన్ని దాదాపు ఎవరూ చూసేవారు కాదు. కింద గీత మీదున్న చుక్కను చివరికంటా లాగేస్తే చాలు, పేరు పక్కన పచ్చ టిక్కు పడేది. ఈ మోసం ఆపమని మేనేజరుకు ఎన్నిసార్లు చెప్పానో. "చూద్దాంలెండి" అనేవాడు, తల కూడా ఎత్తకుండా.

ఒకరోజు క్యాంటీన్‌లో ఇదే గోడు చెప్పుకుంటుంటే పక్క టీములోని యాదగిరి నవ్వాడు. "ఏందన్నా, మీ ఆంధ్రోళ్లకు మా మీద కావలి గాయకుంటె బువ్వ అరగదా?" బల్లంతా ఘొల్లుమంది. ఆ వెంటనే తన మిర్చిబజ్జీ ఒకటి నా ప్లేటులో వేశాడు. నేను ముట్టలేదు. నవ్విన ప్రతి ముఖం ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత బంద్ వచ్చింది. యాదగిరి ధర్నాకు వెళ్లాడు. నేను పంతం కొద్దీ లింగంపల్లి నుంచి నడిచి ఆఫీసుకు వెళ్లాను. మా అంతస్తులో నేనొక్కణ్ణే. లాగిన్ మొరాయిస్తే అందరూ నా దగ్గరికే వచ్చేవారు కాబట్టి అతని పాస్‌వర్డ్ నాకు తెలుసు. అతను ఇంకా మొదలుపెట్టని ఆ అగ్నిప్రమాదం కోర్సును అతని పేరు మీద తెరిచి, చుక్కను లాగాను. టిక్కు పడింది. మర్నాడు, చేసింది నేనని చెప్పకుండా, మేనేజరుకు చూపించాను. మనిషి ఆఫీసులో లేడు, కోర్సు మాత్రం పూర్తయింది.

లోపం నిరూపించడానికే చేశానని నాకు నేను చెప్పుకున్నాను. అలాగైతే నా పేరు మీదే చేసి చూపించవచ్చు కదా? ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ప్రతి కోర్సూ మొదటి నుంచి చివరిదాకా చూసేవాడు అతనొక్కడేనని, రికార్డులు చూసే నాకు తెలియదా? తెలిసీ అతని పేరే ఎందుకు తీసుకున్నాను? ఒక నవ్వు కోసమా?

మేనేజరు లోపాన్ని చూడలేదు, పేరును చూశాడు. పాస్‌వర్డ్ ఎవరికో ఇచ్చి మోసం చేయించాడని యాదగిరిని ఉద్యోగం నుంచి తీసేశారు. సామాన్ల అట్టపెట్టె పట్టుకుని, లిఫ్ట్ దగ్గర నన్ను ఆపాడు.

"అన్నా, నేను ఎవల్కి ఇయ్యలే. నా పేరు మీద గిట్ల ఎవలు చేసిర్రో నీకెర్కనా?"

"నాకేం తెలుసండీ," అన్నాను. అంతకుముందెప్పుడూ అతణ్ణి అండీ అనలేదు.

ఆ తర్వాత ఎంత లాగినా చుక్క కదలకుండా కట్టుదిట్టం చేశారు. మేనేజరును మెచ్చుకున్నారు. నా పేరు ఎవరూ ఎత్తలేదు. అదీ మరచిపోలేదు. క్యాంటీన్‌లో ఒంటరిగా తినడం అప్పుడే మొదలైంది. నన్నెవరూ వెలివేయలేదు. పక్కన ఎవరైనా కూర్చుంటే ఆ సంగతి ఎత్తుతారేమోనని నేనే ప్లేటు తీసుకుని లేచేవాణ్ణి.

ఏ కంప్యూటరు నుంచి తెరిచారో ఒక్కసారి చూసి ఉంటే దొరికిపోయేవాణ్ణి. ఎవరూ చూడలేదని, ఎవరూ నన్ను అడగలేదని ఏళ్ల తరబడి ఆ కంపెనీని తిట్టుకున్నాను. అది కూడా అబద్ధమే. ఒక్కడు అడిగాడు.

యాదగిరీ, చేసింది నేనే. క్షమించమని అడగను. నువ్వడిగినదానికి ఇన్నాళ్లకు జవాబు చెప్పాను, కాస్త ఊపిరాడుతోంది. కానీ వాళ్లందరిలా నువ్వూ ఊరుకోకు. తిట్టినా సరే. నువ్వు పలకాలి.