పచ్చ కిస్మిస్‌కు నేను పూసిన కొవ్వు

చాలా ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. దాన్ని దించాలంటే పర్వాలు పర్వాలుగా రాయాలని, అందులో వంచన, మూక, పరాయి దేశంలో చిక్కుకుపోయిన మనిషి అన్నీ వస్తాయని నాలో నేను గొప్పగా అనుకునేవాణ్ణి. తీరా కూర్చుంటే అంత లేదు. రెండు గోనెల ఎండుద్రాక్ష, నా నోరు. అంతే. మీకు వేరే పనుంటే చూసుకుని రండి. ఇది ఎక్కడికీ పోదు. ఇన్నేళ్లూ పోలేదు.

నా పేరు అడగొద్దు. మాది నంద్యాల దగ్గర పల్లె. నన్ను చూస్తే జనం ముందే నవ్వడానికి సిద్ధమయ్యేవాళ్లు. చావింటికి పోయినా వీడేమంటాడో అని ఎదురుచూసేవాళ్లు. అప్పుడు నాకు పందొమ్మిదో ఇరవయ్యో. అదొక హోదా అనుకున్నాను.

ఆ ఏడు శివరాత్రికి మహానందికి వెళ్లాం. మొక్కు మా అమ్మది, మూటలు నావి. గుండం వైపు పోయే దారి పక్కన, కాలువ గట్టు మీద, ఒక పఠాను దుప్పటి పరుచుకుని కూర్చున్నాడు. బాదం, అక్రోటు, దారానికి గుచ్చిన అంజూర, రెండు గోనెల నిండా పచ్చటి కిస్మిస్. అందరూ ఖాన్ అంటున్నారు. మా వైపు ఏ పఠానునైనా అలాగే అంటారు, పేరడిగే శ్రమ తప్పుతుంది. నేనూ అడగలేదు.

ఉపవాసం ఉన్నవాళ్లు పొయ్యి మీద వండింది తినరు. ఎండిన పండు తినొచ్చు. అది తెలుసుకునే అతను ఆ రోజుకు వచ్చాడు. కానీ తెలుగు రాదు. నాకేమో పక్కింటి సాయెబుల పిల్లలతో ఆడి ఆడి ఉర్దూ వచ్చు. పొద్దున ఊరికే పలకరించాను. తన మాట వినేవాడు దొరికాడని వదల్లేదు.

వాళ్ల ఊరు కొండల మధ్య అట. చలికాలం మంచు తలుపు దాకా పేరుకుంటుందట. ఖుబానీ పండ్లను మిద్దెల మీద ఎండబెడతారట గానీ, ద్రాక్షకు మాత్రం ఎండ తగలనీయరట. గోడల నిండా కంతలు పెట్టి కట్టిన మట్టి ఇంట్లో గుత్తులు వేలాడదీస్తే, అవి గాలికే ఆరి, పచ్చదనం పోకుండా అలాగే నిలుస్తాయట. ఆ గోడలు ఏటా అలికేది వాళ్లమ్మ. వాళ్ల గొర్రెల తోకలు కొవ్వు పట్టి చేటంత ఉంటాయని చేతులు చాపి చూపించాడు. ఊరివాళ్లు సరుకు దించి పోతే తాను ఇక్కడే తిరిగి అమ్ముతూ మూడేళ్లుగా ఇంటి ముఖం చూడలేదు. ఈ రెండు గోనెలూ పోతే నేరుగా రైలెక్కడమే.

"అమ్మకు చూపు తగ్గుతోంది," అన్నాడు. "ఆమె నా ముఖం పోల్చుకోగలిగినప్పుడే పోవాలి. ఈ ఒక్క పూట నా నోరుగా ఉండు, బేటా."

ఉంటానన్నాను.

మధ్యాహ్నానికి జనం మూగారు. బాగానే అమ్ముడవుతోంది. పడమటి పల్లెల అవ్వ ఒకామె కిస్మిస్ ఒడిలో పోయించుకుని, ఒకటి ఎత్తి వెలుగుకు పట్టి చూసింది.

"ఏమప్పా, ఇవి ఎండినేటివా, పచ్చివా?"

"ఎండినేటివే అవ్వా."

"ఎండబెడితే ఇంత పచ్చగా ఎట్లుంటాయి? మా మిరక్కాయలు ఉండాయా అట్ల? మెరుస్తాండాయి గూడా. ఏం జేసినారో ఆయప్పనడుగు."

మా సీమలో ఎండ తప్ప ఏదీ పుష్కలంగా లేదు. ఎండ తగలకుండా ఒక వస్తువు ఎండుతుందంటే మావాళ్లు నమ్మరు. నేను అడిగాను. ఖాన్ ఆ గాలి ఇంటి సంగతంతా మళ్లీ చెప్పాడు. కంతలు వేళ్లతో చూపించాడు, అమ్మ గోడ అలకడం అరచేత్తో చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నా ముఖం చూస్తున్నారు. నిజం చెప్పి ఉండొచ్చు. కానీ నిజం పొడుగ్గా ఉంది, చప్పగా ఉంది. నన్ను చూసి నవ్వడానికి అలవాటుపడిన మా ఊరివాళ్లు ఇద్దరు ముందు వరసలోనే ఉన్నారు.

"గొర్రె తోక కొవ్వు కరగబెట్టి దాంట్లో పొర్లిస్తారంట అవ్వా," అన్నాను. "ఆ మెరుపు దాందే."

నవ్వుతారనుకున్నాను. నవ్వు సద్దుమణిగాక అసలు సంగతి చెబుదామనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

అవ్వ ఖాన్ వైపు తిరిగింది. "నిజమేనాప్పా?"

సరుకు మంచిదేనా అని అడుగుతోందనుకున్నాడు. నా భుజం మీద చెయ్యేసి, చల్లగా నవ్వి, తల ఊపాడు.

అవ్వ ఒడి దులిపేసింది. అప్పటికే తిన్న ఒకాయన నోట్లో వేలు పెట్టుకుని కక్కాడు. ఆడవాళ్లు మళ్లీ స్నానానికి గుండం వైపు పరుగెత్తారు. "శివరాత్రి పూట మా నోట్లో కొవ్వు పోస్తావా" అంటూ ఎవరో గోనెను కాలితో తన్నారు. రెండోదాన్నీ తన్నారు. కిస్మిస్ కాలువలో పడి, ఉబ్బుతూ, వరిమళ్ల వైపు కొట్టుకుపోయాయి.

ఎగతాళికి అన్నానని ఒక్క మాట చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదు? తంతారని భయం, అది సగం. మిగతా సగం ఇన్నేళ్లూ నాకు నేను కూడా సరిగా చెప్పుకోలేదు. నా మాటను జనం నిజమని తీసుకోవడం అదే మొదటిసారి. అందులో కాస్త రుచి ఉండింది.

"నేనేం తప్పు చేశాను, బేటా?" అని అడిగాడు ఖాన్.

"తక్కినవి సరేగానీ, ఈ పండగకు ఇవి మాత్రం తినకూడదట," అన్నాను. "తెలియక తెచ్చావని వాళ్ల కోపం."

నమ్మాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, తనను తిట్టేవాళ్లకే వంగి క్షమాపణ అడిగాడు. తర్వాత గోనె అడుగున తడవకుండా మిగిలిన గుప్పెడు కిస్మిస్ తీసి, నాకు శ్రమ ఇచ్చానని నా చేతిలో పోశాడు. నేను తిన్నాను. తియ్యగా ఉన్నాయి. ఆ రోజు గురించి నేను నిజాయితీగా చెప్పగలిగింది ఆ ఒక్కటే.

మరుసటి ఏడు కడపలో ఉన్న మా అక్కను చూడబోతూ ఎర్రగుంట్లలో బండి ఆగితే బయటికి చూశాను. ఖాన్. కూలీలతో కలిసి గూడ్సు పెట్టెలోకి నాపరాళ్లు ఎత్తుతున్నాడు. తలపాగా లేదు. గడ్డం నెరిసింది. ఇంటికి పోలేదన్నమాట. నడుము పట్టుకుని నిలబడి మా పెట్టె వైపు చూశాడు. నేను కిటికీ రెక్క దించేశాను.

"ఉక్క పోస్తాంటే ఎందుకప్పా దించినావు?" అన్నాడు పక్కనాయన.

"దుమ్ము," అన్నాను.

మహానందిలో చేసింది నోరు జారడమని సర్దిచెప్పుకోవచ్చు. ఎర్రగుంట్లలో జారింది ఏది? దిగి చెప్పి ఉంటే ఏమయ్యేది? అతను కొట్టేవాడా? కొట్టడనే దిగలేదేమో. మళ్లీ బేటా అంటాడేమోనని. లాభం కోసం చేసి ఉంటే కనీసం లాభమైనా ఉండేది. నవ్వు కోసం చేశాను, అదీ రాలేదు.

మొన్న ఎర్రగుంట్లకు పనిగట్టుకుని వెళ్లాను. స్టేషన్లో ఒక ముసలి హమాలీని అడిగాను.

"ఖానా? ఉండె. శానా నెమ్మదస్తుడు," అన్నాడు. "యాడికి పాయనో తెల్దు. నువ్వేమవుతావప్పా ఆయనకు?"

తెలిసినవాణ్ణన్నాను.

వాళ్లమ్మకు చూపు ఉండగా అతను చేరాడో లేదో నాకు తెలియదు, ఇక తెలిసే వీలూ లేదు. చెప్పాల్సింది అతనికి. అతను దొరకలేదు కాబట్టి మీకు చెప్పాను. ఇది చెల్లు కాదని తెలుసు. అయినా ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది, అందుకూ సిగ్గే. మొన్న హమాలీ పోయాక చాలాసేపు ఆ స్టేషన్లోనే కూర్చున్నాను. పశ్చాత్తాపం వల్ల కాదు. ఎర్రగుంట్లలో బండి వచ్చే ముందు గాని టిక్కెట్ల కిటికీ తెరవరు.